రెండో నంబరు మోటారుకి కట్టిన దారం

నేను భయపడటం నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా అదే గదిలో, అవే మోటార్ల మధ్య ఏ భయమూ లేకుండా తిరిగాను. చదువుకుంటే ధైర్యం వస్తుందని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నా విషయంలో మాత్రం అది తిరగబడింది. పాలిటెక్నిక్‌లో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఇది చదివితే, ఇందులో నన్ను మెచ్చుకోవలసింది పెద్దగా లేదని ముందే చెబుతున్నాను.

రాజమండ్రిలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో, ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబులో అటెండరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. పుట్టిల్లు నరసాపురం, అత్తిల్లు కొవ్వూరు. మా ఆయన అక్కడ టైలరు. పొద్దున్నే బస్సులో గోదావరి దాటి రావడం, ల్యాబు తాళం తీయడం, బల్లలు తుడవడం, పిల్లలు వచ్చేసరికి ఏ ప్రయోగానికి ఏ వైర్లు కావాలో కట్టలు కట్టి పెట్టడం, ఇదీ నా పని. ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలో చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. ఎందుకు వెళ్ళాలో మాత్రం తెలియదు. లేసు అల్లేటప్పుడు మా అమ్మ కూడా గళ్ళు లెక్కపెట్టేది కాదు, చెయ్యే లెక్కపెట్టేది. నాదీ అలాంటి విద్యే.

మా డిపార్ట్‌మెంటు హెడ్ గారు మంచి మనిషి. ఈ మాట ఇప్పుడే చెప్పాలి, తర్వాత చెబితే మీరు నమ్మరు. పిల్లలకి ఒంట్లో బాగాలేకపోతే తన స్కూటరు మీద ఇంటి దగ్గర దింపి వచ్చేవారు. నన్ను చదువులో పెట్టింది కూడా ఆయనే.

"ఇన్నేళ్ళుగా ల్యాబు నడిపేది మీరు, టెక్నీషియనని బోర్డు ఇంకొకరిదీనా అమ్మా? ఆ పోస్టు మూడు నాలుగేళ్ళలో ఖాళీ అవుతుంది. డిప్లొమా ఉంటేనే ఇస్తారు. ఉద్యోగస్తులకి మన దగ్గరే సాయంత్రం కోర్సు ఉంది కదా, చేరండి," అన్నారు ఒకరోజు.

"నాకెక్కడ వస్తుందండీ సార్! ఇంటర్ అయి పాతికేళ్ళు దాటింది."

"మీకు సగం వచ్చేసింది. మిగతా సగం పుస్తకంలో ఉంది."

అప్లికేషను ఆయనే నింపారు. నేను సంతకం పెట్టాను. పగలు ఏ గదిలో బల్లలు తుడిచానో, సాయంత్రం ఆ గదిలోనే రెండో బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. పొద్దున్న టీ తెచ్చిచ్చిన లెక్చరర్లే సాయంత్రం నన్ను లేపి ప్రశ్న అడిగేవారు. మొదటి ఏడాది లెక్కల్లో రెండుసార్లు తప్పాను. క్లాసులో అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. నా పక్కన కూర్చునే ఆయన మండపేట దగ్గర ఒక రైసుమిల్లులో ఎలక్ట్రీషియను. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. లెక్కలు ఆయన నాకు చెప్పేవాడు, ల్యాబు రికార్డులో బొమ్మలు నేను ఆయనకి చూపించేదాన్ని. అలా ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని మూడో ఏడాదికి వచ్చాం.

ఇక్కడ రెండో నంబరు మోటారు సంగతి చెప్పాలి. పాతకాలం డీసీ మోటారు అది. దాన్ని నడపడానికి పక్కన స్టార్టరు అని ఒక పెట్టె ఉంటుంది, దాని ముందు ఒక హ్యాండిలు. హ్యాండిల్ని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి జరిపితే మోటారు అందుకుంటుంది. ఆ చివర ఒక చిన్న అయస్కాంతం హ్యాండిల్ని పట్టుకుని ఉంచుతుంది. ఏదైనా తేడా వస్తే అయస్కాంతం వదిలేస్తుంది, స్ప్రింగు హ్యాండిల్ని వెనక్కి లాగేస్తుంది, మోటారు ఆగిపోతుంది. రెండో నంబరు స్టార్టరులో అయస్కాంతం బలహీనపడింది. ప్రయోగం సగంలో ఉండగా, ఏ తేడా లేకుండానే, హ్యాండిలు టక్కున వెనక్కి పడిపోయేది. పిల్లలు మళ్ళీ మొదటి నుంచి రీడింగులు తీయాలి. బాగుచేయించమని రాసిన ఇండెంటు మూడుసార్లు తిరిగొచ్చింది. చివరికి హెడ్ గారు విసిగిపోయి, "ఒక దారం ముక్కుంటే హ్యాండిల్ని అక్కడే కట్టేయండమ్మా. పిల్లల పీరియడు పాడవుతోంది," అన్నారు.

నా సంచిలో ఎప్పుడూ లేసు దారం ఉంటుంది. కట్టాను. ఆ చివరన ఉచ్చులా వేస్తే, జరిగొచ్చిన హ్యాండిలు అందులో చిక్కుకుని ఇక కదల్లేదు. "మీ ముడి గట్టిదండీ," అన్నారు హెడ్ గారు. ఆ రోజు నేను పొంగిపోయాను. ఆరేళ్ళు ఆ ముడి వేస్తూనే ఉన్నాను. నెలనెలా రిజిస్టరులో రెండో నంబరు ఎదురుగా 'బాగున్నది' అని రాసేదాన్ని, కింద ఆయన సంతకం పెట్టేవారు.

మూడో ఏడాది ఒక సాయంత్రం. డీసీ మోటార్ల పాఠం. మోటారు లోపల అయస్కాంతబలం పుట్టించే చుట్టని ఫీల్డు అంటారు. చెబుతున్నది హెడ్ గారే.

"తిరుగుతున్న మోటారులో ఫీల్డు వైరు తెగిపోయిందనుకోండి. ఏమవుతుంది?" అని అడిగారు.

"ఆగిపోతుందండి," అన్నాడు తమ్ముడు.

"అందరూ అదే అనుకుంటారు. ఆగదు. పరిగెడుతుంది. వేగం పెరుగుతూ పెరుగుతూ లోపలి చుట్టలు ఊడి చెదిరిపోయేదాకా పరిగెడుతుంది. అందుకే స్టార్టరులో ఆ అయస్కాంతాన్ని ఫీల్డు వైరుతోనే కలుపుతారు. ఫీల్డు తెగితే అయస్కాంతం హ్యాండిల్ని వదిలేస్తుంది. మనిషి పరిగెత్తుకొచ్చే లోపల అదే ఆపేస్తుంది." బోర్డు మీద బొమ్మ వేసి, హ్యాండిలు చుట్టూ రెండు గీతలు గీశారు.

నా పెన్ను ఆగిపోయింది. ఆ బొమ్మలో దారం లేదు, అంతే తేడా. ఆరేళ్ళలో ఆ మోటారు చుట్టూ ఎంతమంది పిల్లలు నిలబడ్డారో లెక్కపెట్టడానికి ప్రయత్నించి వదిలేశాను. తలెత్తి హెడ్ గారి మొహం చూశాను. ఆయన చెయ్యి దులుపుకుంటూ తర్వాతి లెక్కకి వెళ్ళిపోయారు. తను చెప్పినది తనకే తగిలిందో లేదో నాకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి దారం కోసేశాను. పదిన్నరకి రెగ్యులర్ పిల్లల బ్యాచ్ వచ్చింది. పది నిమిషాలకోసారి హ్యాండిలు పడిపోవడం, పిల్లలు గోల పెట్టడం. హెడ్ గారు వచ్చారు.

"దారం ఏదమ్మా?"

"తీసేశానండి సార్. నిన్న మీరే చెప్పారు కదండీ, ఫీల్డు తెగితే..."

ఆయన నా వంక చూశారు. కోపంగా కాదు, అలసటగా. "ఈ సెమిస్టరుకి కానివ్వండమ్మా. సెలవుల్లో చూద్దాం. ఆరేళ్ళలో ఏమీ కాలేదు కదా."

నేను సంచిలోంచి దారం తీశాను. ఇది మీకు చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. కాలేజీలోనే వేసే నా సెషనల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. టెక్నీషియన్ పోస్టుకి నా ఫైలు పంపేదీ ఆయనే. అప్పుడు ఈ రెండూ నా మనసులోకి వచ్చాయో రాలేదో కానీ, చేతులు మాత్రం ముడి వేశాయి.

ఆ ఆదివారం మా ఆయన కొట్లో కూర్చుని పుస్తకం చదువుతూ ఆ సంగతి చెప్పాను. ఆయన మిషను తొక్కడం ఆపారు.

"తెగితే ఆగకుండా జోరందుకుంటుందా? ఇదేం మిషనే బాబూ!" అన్నారు. తర్వాత, "అయితే కట్టకు," అన్నారు.

"అంత తేలికా?"

"ముడి వేసేది నువ్వేగా. వెయ్యకపోతే సరి."

"మీ కొట్టుకి మీరే హెడ్డు. మీకేం తెలుస్తుంది?" అని ఆయన మీదే విసుక్కున్నాను. మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది. నేను అదే పేజీ నాలుగుసార్లు చదివాను.

తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. రెండో నంబరు మీద బ్యాచ్ ఉన్న రోజున గోడకున్న మెయిన్ స్విచ్చి పక్కనే నిలబడేదాన్ని. ఎవరైనా పిలిచినా కదిలేదాన్ని కాదు. మోటారు చప్పుడు కొంచెం హెచ్చితే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదకి వెళ్ళేది. బస్సులో పక్కవాళ్ళు మాట్లాడుతుంటే ఇంజను చప్పుడే వినేదాన్ని. సెలవులు వచ్చాయి, పోయాయి. ఎవరూ ఏదీ చూడలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. రిజిస్టరులో మాత్రం 'బాగున్నది' అని రాసేటప్పుడు అక్షరాలు చిన్నవిగా రాయడం మొదలుపెట్టాను, అదేదో నా నిజాయితీ అన్నట్టు.

ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష ఏప్రిల్‌లో పడింది. మధ్యాహ్నం రెండింటికి. కాకినాడ వైపు నుంచి ఒక మేడమ్ ఎగ్జామినరుగా వచ్చారు. పరీక్ష రాసేదీ నేనే, ఆ పొద్దున ల్యాబు సర్దిందీ నేనే, ఎందుకంటే ఇంకెవరికీ ఆ పని తెలియదు. దారం కూడా కొత్తది కట్టాను.

ఎవరికి ఏ ప్రయోగమో చీటీలు తీయాలి. దేవుణ్ణి ఒకటే కోరుకున్నాను, రెండో నంబరు నాకే రావాలని. వస్తే చప్పుడు చెయ్యకుండా దారం కోసేసి, హ్యాండిలు పడినప్పుడల్లా మళ్ళీ జరుపుకుంటూ ఎలాగో పూర్తిచేద్దామని. నా చీటీలో ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. వెనక తమ్ముడి గొంతు వినపడింది, సంతోషంగా.

"అక్కా, నాకు మోటారు వేగం ప్రయోగం. మీ రెండో నంబరేనండి!"

నేను నోరు తెరిచాను. "మాట్లాడకూడదండి, ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళండి," అన్నారు మేడమ్. నాకు ఆ మాట సాకుగా దొరికింది. వెళ్ళి నా బల్ల దగ్గర నిలబడ్డాను. మెయిన్ స్విచ్చికీ నాకూ మధ్య ఆరు అడుగులు. అది కొలుచుకున్నాను.

అరగంట బాగానే జరిగింది. నా రీడింగులు రెండు వరసలు పూర్తయ్యాయి. తమ్ముడు వేగం కొలిచే టాకోమీటరు కుడి చేత్తో పట్టుకుని, దాని మొనని మోటారు ఇరుసుకి ఆనించి, ఎడమ చేత్తో ఫీల్డు కరెంటుని తగ్గించే రియోస్టాట్ జరుపుతున్నాడు. అది కూడా పాతదే, తీగ ఎక్కడో అరిగిపోయి ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. 'చిట్' మని చిన్న శబ్దం, ఫీల్డు తెగింది.

మోటారు గొంతు మారింది. మామూలుగా గుయ్యిమనేది కాస్తా సన్నబడి, ఇంకా సన్నబడి, ఈల అయింది. బల్ల మీద మీటర్లు అదరడం మొదలుపెట్టాయి. తమ్ముడు చేసినది ఏ ఎలక్ట్రీషియనైనా చేసేదే, హ్యాండిలు పట్టుకుని వెనక్కి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. అది ఎందుకు రావడం లేదో అర్థంకాక దానివైపే వంగి చూస్తున్నాడు. అవతలి చేతిలో టాకోమీటరు ఇంకా ఇరుసుకి ఆనే ఉంది. నా ముడి గట్టిది.

"వదిలెయ్యి తమ్ముడూ!" అని అరిచానుట. నాకు గుర్తు లేదు, తర్వాత చెప్పారు. ఆ ఆరు అడుగులు దాటి స్విచ్చి లాగాను. సరిగ్గా అప్పుడే ఫ్యూజు కూడా పోయింది. మీలో చదువుకున్నవాళ్ళు ఫ్యూజు సంగతేంటని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ముందు ఫ్యూజు పోయిందా, ముందు నేను లాగానా అన్నది తేలలేదు. నేనే ఆపానని నాకు ధైర్యంగా చెప్పుకోవడానికి లేదు. అంతలోనే టాకోమీటరు ఆయన చేతిలోంచి ఎగిరింది. ఆయన మణికట్టు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. మోటారు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ ఈల దిగి దిగి మామూలు గుయ్యి అయి, చివరికి ఆగింది.

ఇద్దరు ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మిగిలినవాళ్ళం నిలబడ్డాం. మేడమ్ మోటారు దగ్గరికి వచ్చి, స్టార్టరు వైపు చూసి, వంగి దగ్గరగా చూశారు.

"ఇదేంటండీ? హ్యాండిలు ఎందుకు పడలేదు? దారం ఏంటి?"

హెడ్ గారి మొహం తెల్లబడింది. ఆయన అంతగా బెదిరిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. "అది... హ్యాండిలు నిలబడటం లేదని ఆ అబ్బాయే కట్టి ఉంటాడండి. మిల్లుల్లో అలాంటి అలవాట్లు ఉంటాయి," అన్నారు.

నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడగలిగేదాన్ని కాదేమో.

"కాదండి. ఆ ముడి నాది," అన్నాను.

మేడమ్ నా వైపు తిరిగారు. "మీరా? మీరు పరీక్ష రాయడానికి వచ్చారు కదండీ?"

"ఈ ల్యాబు అటెండర్నండి. పొద్దున్న నేనే కట్టాను. ఆరేడేళ్ళుగా నేనే కడుతున్నానండి."

"ఎవరు కట్టమన్నారు?"

హెడ్ గారు నేల చూస్తున్నారు. చేత్తో బల్ల అంచు పట్టుకున్నాను. "మొదట కట్టమని చెప్పారండి. తర్వాత ఎందుకు కట్టకూడదో పాఠంలో చెప్పారు. అది తెలిశాక కూడా కట్టింది మాత్రం నేనేనండి," అన్నాను.

ఎవరు చెప్పారని మేడమ్ మళ్ళీ అడగలేదు. అవసరం లేకపోయింది. ఆ రోజు పరీక్ష రద్దయింది.

విచారణ జరిగింది. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. మూడో రోజున హెడ్ గారు తనే స్క్రూడ్రైవరు పట్టుకుని ల్యాబుకి వచ్చారు. స్టార్టరు విప్పి, అయస్కాంతం మీద చుట్ట మార్చి, స్ప్రింగు మార్చారు. నేను పక్కన నిలబడి స్క్రూలు అందించాను. మొత్తం రెండు గంటల పని. అంతా బిగించాక ఆయన చేతులు తుడుచుకుంటూ, "రెండు గంటలమ్మా," అన్నారు. అంతే అన్నారు. ఆ ఏడాదే బదిలీ అడిగి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నాకు చెప్పి వెళ్ళారు. ఆయన మీద నాకు కోపం రావాలని ఎంత ప్రయత్నించినా సగమే వచ్చింది. మిగతా సగం నాకే చెందాలి కదా.

తమ్ముడికి మణికట్టు ఎముక విరిగింది. మా ఆయన్ని వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేచి కుర్చీ వేయబోయాడు, ఎడమ చేత్తో. మిల్లులో ఆయన స్థానంలో తాత్కాలికంగా వేరే మనిషిని పెట్టారని వాళ్ళావిడ మంచినీళ్ళు ఇస్తూ చెప్పింది. నేను ముందే తయారు చేసుకున్న మాటలన్నీ చెప్పాను. దారం సంగతి, పాఠం సంగతి, చీటీ తీసిన సంగతి. ఆయన చేతి కట్టు అంచు సర్దుకుంటూ విన్నాడు. తిట్టినా బాగుండునని అనిపించింది.

అంతా అయ్యాక, "మీరు నాకు లెక్చరర్ల కంటే ఎక్కువండి. ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదక్కా," అన్నాడు.

మా ఆయన తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళావిడ భోంచేసి వెళ్ళమంది. తినకుండా వచ్చేస్తే బాగుండదని తిన్నాం.

టెక్నీషియన్ పోస్టుకి నా ఫైలు వెనక్కి వచ్చింది, మెమో ఉందని. ఇంకొకరిని వేశారు. నేను అటెండరుగానే రిటైరయ్యాను. బాధ లేదని అంటే అబద్ధం. కానీ ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ బాగాలేని మెషీను ఎదురుగా 'బాగాలేదు, వాడరాదు' అని పెద్ద అక్షరాలతో రాశాను. కొత్త హెడ్ గారికి నా మీద చాలాసార్లు చిరాకు వచ్చింది. పీరియడ్లు పాడయ్యాయి. పిల్లలు నన్ను చాటుగా 'వాడరాదు మేడమ్' అనేవారట. విన్నాను, ఊరుకున్నాను.

రద్దయిన పరీక్ష మళ్ళీ అయిదు నెలలకి పెట్టారు. ఈసారి ల్యాబు సర్దింది వేరేవాళ్ళు. తమ్ముడు వచ్చాడు. కట్టు తీసేశారు, కానీ మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదు. నన్ను చూసి, "బాగున్నారా అక్కా?" అన్నాడు. బాగానే ఉన్నానన్నాను. పక్కపక్కనే బెంచీలో కూర్చోలేదు మేము.

చీటీల్లో ఆయనకి ఏదో ఇండక్షన్ మోటారు వచ్చింది, రెండో నంబరు కాదు. నా బల్ల మెయిన్ స్విచ్చికి దగ్గర. ఎగ్జామినరు గారు స్విచ్చి వెయ్యమని నాకే చెప్పారు. వెళ్ళి నిలబడి, తమ్ముడి వైపు చూశాను.

"అన్నీ చూశారాండి అక్కా?" అని అడిగాడు.

"చూశాను తమ్ముడూ. పొద్దున్నే వచ్చి అన్ని బల్లలూ చూశాను."

ఆయన తల ఊపాడు. ఊపి, తన బల్ల దగ్గరికి వెళ్ళి, మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో వైరునీ పట్టుకుని లాగి చూశాడు. స్టార్టరు మూత కిందికి వంగి చూశాడు. హ్యాండిల్ని మూడుసార్లు ముందుకీ వెనక్కీ కదిపాడు, ఆ బిగుసుకుపోయిన చేత్తోనే, నెమ్మదిగా. ఎగ్జామినరు గారు గడియారం చూసుకుంటున్నారు. నాకు ఎక్కడో కలుక్కుమంది. అయినా, నేను చూశానంటే ఊరుకోకుండా తను మళ్ళీ చూసుకోవడమే సరైనదని తెలుస్తూనే ఉంది. నేను స్విచ్చి మీద చెయ్యి వేయకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

చివరి వైరు కూడా లాగి చూశాక తలెత్తాడు.

"ఇప్పుడు వెయ్యండక్కా," అన్నాడు. వేశాను.